పదకొండు పళ్ళు

"టీ చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పు," అంది తల్లి, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా.

ఆ నాన్న మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని, గాలి పోయిన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తాయా అని చూస్తున్నాడు. చెవుడు ఏమీ లేదు.

"నాన్నా, టీ చల్లారిపోతోందట," అంది కూతురు.

"తాగుతానని చెప్పు."

"తాగుతాడట. నాకు జీతం సంగతి ఎవరైనా ఆలోచిస్తే బాగుంటుంది. ఉత్తరం మోసేవాడికి కూడా ఎవరో ఒకరు ఇస్తారు."

ఎవరూ నవ్వలేదు. ఆ ముందుగదిలో సగం ఆయన సైకిల్ షాపు, సగం ఆమె కుట్టుపని. అటు నూనె మరకలు, ఇటు సుద్ద గీతలు. పెళ్ళయిన కొత్తలో నూనె ఇటు రాకూడదని ఆమె నేల మీద ఒక గీత గీసింది. అప్పుడది సరసం. ఇప్పుడు ఆ గీత చెరిగిపోయి చాలా కాలమైంది కానీ, ఇద్దరిలో ఎవరూ దాన్ని దాటడం లేదు.

రెండేళ్ళ కిందట పెద్దోడు పోయాడు. సైకిల్ మీద కొండ దిగే పోటీలో మూడో మలుపు దగ్గర పడ్డాడు. ఇంటికి తెచ్చిన రోజు, ఇంటి నిండా జనం ఉండగా ఆమె మొగుడి వైపు తిరిగి ఒకే మాట అంది. "మీ చేతులతోనే బిగించి పంపారు కదా."

దానికి కారణం ఉంది. పోటీకి వారం ముందు తండ్రీకొడుకులు ఇదే గదిలో కూర్చుని, సైకిల్‌కి రోడ్డు గేర్లు వెయ్యాలా కొండ గేర్లు వెయ్యాలా అని మూడు సాయంత్రాలు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఆయన రోడ్డు గేర్లు బిగించాడు. ఆమె కాజాలు కుడుతూ సగం సగం వింది. కొండకి కొండ గేర్లు వెయ్యాలని తెలియడానికి మెకానిక్కే కావాలా? పేరులోనే ఉంది. చదునైన రోడ్డు మీద దూసుకుపోయే గేర్లు తెచ్చి, దూకుడు మీదున్న పిల్లాడికి వాలులో తగిలించాడు. అంతే ఆమెకి అర్థమైంది.

ఆయన ఆ రోజు జవాబు చెప్పలేదు. తరవాతా చెప్పలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆమె పూర్తి అంగీకారం కిందే లెక్క వేసుకుంది. అప్పటినుంచి ఆయనతో సూటిగా ఒక్క మాట లేదు. ఆయన కూడా గేర్ల సైకిళ్ళు ముట్టుకోవడం మానేసి, పంక్చర్లతో, బ్రేకులతో కాలం గడుపుతున్నాడు.

కూతురు తనదీ, తల్లిదీ టీ గ్లాసులు కడిగి వచ్చింది. తండ్రి గ్లాసు అలాగే ఉంది. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఒకచోట నిలవదని చిన్నప్పుడే పిచ్చుక అని పేరుపడింది. ఆ పొద్దున మాత్రం కాసేపు నిలబడి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. దిగేటప్పుడు భుజాన అన్న సైకిల్ ఉంది. వెనక చక్రానికి గేర్లు లేవు. రెండేళ్ళ కింద ఆయనే విప్పేశాడు.

"ఆదివారం కొండ పోటీకి పేరిచ్చాను," అంది.

కుట్టుమిషను ఆగింది.

"ఎక్కడికీ వెళ్ళవు," అంది తల్లి.

"వెళ్తానమ్మా. మూడో మలుపు దాటి కిందికి రావాలి నేను. ఫస్టు రానక్కర్లేదు. దాటాలి అంతే. రోజూ కలలో అక్కడే ఆగిపోతున్నాను." తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, రోడ్డు గేర్లు బిగించు. అన్నకి వేసినవే."

తల్లి లేచి నిలబడింది. ఒళ్ళోని బట్ట జారి నేల మీద పడింది. "మీ నాన్నకి చెప్పు. ఆ గేర్లు ఇంకోసారి ఈ ఇంట్లో బిగిస్తే నేను గడప దాటి పోతాను. చావడానికి నీకంత తొందరగా ఉంటే కొండ గేర్లతో పో. నెమ్మదిగానైనా పోతావు."

పిచ్చుక ఈసారి మాట మొయ్యలేదు. తండ్రి కళ్ళలోకి చూసింది.

"కొండ గేర్లే వేస్తాను," అన్నాడాయన ట్యూబు తుడుస్తూ.

"నీకు తెలిసీ?"

"అవే వేస్తాను."

"అన్నకి ఏం చెప్పావో నేను పక్కనే ఉండి విన్నాను నాన్నా. నీకు తెలిసీ నాకు పనికిరానిది బిగిస్తావా?"

ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు. కడిగిన చేతులే కడుగుతున్నట్టు, నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగలేదు.

పిచ్చుక అలమర కింది అరలోంచి రెండు గేర్ సెట్లు, పెద్దవీ చిన్నవీ పళ్ళ చక్రాలు దొంతరగా పేర్చినవి, తీసి తల్లి మిషను మీద, కత్తిరించిన బట్టల మధ్యే పెట్టింది. ఒకటి బోర్లించిన గిన్నెలా పొందికగా ఉంది. రెండోదాని పెద్ద చక్రం టిఫిన్ ప్లేటంత ఉంది.

"ఈ చిన్నది రోడ్డుది. ఈ పెద్దది కొండది. జోరుగా పోవాలంటే చైను అన్నిటికన్నా చిన్న చక్రం మీద ఉండాలి. దానికి పళ్ళు ఎంత తక్కువైతే అంత జోరు. రెంటిలోనూ చిన్న చక్రం పళ్ళు లెక్కపెట్టు."

"నాకెందుకే ఆ లెక్కలు?"

"బొత్తాలు లెక్కపెట్టవా? అలాగే. గేర్ల మాటెత్తితే ఇన్నాళ్ళూ విన్నావు కాదు. నేను చెప్తే నమ్మవు కాబట్టి నువ్వే లెక్కపెట్టు."

ఆమె రోడ్డు సెట్టు చేతిలోకి తీసుకుంది. రెండేళ్ళుగా శపిస్తున్న వస్తువు, అరచేతిలో చల్లగా ఉంది. వేలితో తడుముతూ లెక్కపెట్టింది. పన్నెండు వచ్చాయి. మళ్ళీ పెడితే పదకొండు. గుండ్రటి దానికి మొదలెక్కడ, చివరెక్కడ? మిషను పక్క సంచిలోంచి సుద్ద తీసి ఒక పన్ను మీద గుర్తు పెట్టి, అక్కణ్ణించి మొదలుపెట్టింది. పదకొండు. కొండ సెట్టుకీ అలాగే సుద్ద పెట్టింది. నెమ్మదిగా, ఒక్కో పన్ను దగ్గరా వేలు ఆపుతూ.

అవీ పదకొండే.

"రెంటికీ జోరు ఒకటే అమ్మా. ఆ పెద్ద చక్రాలన్నీ ఎక్కడానికి. పోటీలో సైకిళ్ళని లారీలో పైకి తీసుకెళ్తారు. ఎక్కే పనే లేదు."

"మరి... రోడ్డుది ఎందుకు వేశారు?"

"పెద్ద చక్రం ఉంటే చైను పొడుగ్గా ఉండాలి, వెనక చక్రం పక్కన గేరు మార్చే ఇనప చెయ్యి కిందికి వేలాడాలి. రాళ్ళలో చైను ఎగిరిపడుతుంది. ఆ ఇనప చెయ్యి బండకి తగిలితే చక్రం పట్టేస్తుంది. అందుకని చిన్నది వేశాడు. అన్న అసలు కొండవే కావాలన్నాడు. నాన్నే ఒప్పుకోలేదు, భద్రం కాదని." ఆ పిల్ల సుద్ద గుర్తు వైపు చూస్తూ అంది. "ముందు రోజు వాన పడింది. తడిసిన రాయి మీద ముందు చక్రం జారింది. అంతే అమ్మా. గేర్లు వెనక చక్రానివి."

పంపు చప్పుడు ఆగింది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏమండీ," అంది ఆమె.

ఆయన అలవాటుగా కూతురి వైపు చూశాడు, ఏం చెప్పమందో అన్నట్టు.

"మిమ్మల్నే."

తువ్వాలు ఆయన చేతుల్లోనే ఆగిపోయింది.

"రెంటికీ పదకొండే. మీకు తెలుసు. ఆ రోజే ఒక్క మాట చెప్తే పోయేది కదా. రెండేళ్ళు నా చేత అలా ఎందుకు అనిపించుకున్నారు?"

ఆయన తువ్వాలు మడత పెట్టి పీట మీద ఉంచాడు. "చెప్దామనే అనుకున్నాను. కానీ నీకు ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి. రాయి మీద, వాన మీద ఎంతకాలం కోప్పడతావు? పిచ్చిదానివైపోతావనిపించింది. నా మీదైతే..." చెరిగిపోయిన గీత వైపు చూశాడు. "నా మీదైతే కోపం ఇంట్లోనే ఉంటుంది. నాకు టీ పెట్టడానికైనా పొద్దున్నే లేస్తావు కదా."

 అవును, ఆమె లేచేది. ఒక్క రోజూ మానకుండా లేచి టీ పెట్టి, చల్లారిపోతోందని కబురు పంపేది. ఆ కోపమే తనని మంచం మీంచి లేపుతోందని తనకి తెలియదు. ఆయనకి తెలుసు. రెండేళ్ళు ఆయన కొడుకు కోసం కూడా ఒంటరిగానే ఏడ్చాడు.

చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె ఒకప్పుడు గీత ఉన్న చోటు దాటింది. ఆయన పక్కన, నూనె మరకల మీదే కూలబడింది. పిచ్చుక గోడవైపు తిరిగి నిలబడింది.

కొంతసేపటికి ఆయన వెనక చక్రం ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏది వెయ్యమంటావు?" అని అడిగాడు. కూతుర్ని కాదు, ఆమెను.

ఆమె మిషను మీంచి రోడ్డు గేర్లు తెచ్చి ఇచ్చింది.

బిగించబోతే చక్రం ఒళ్ళో తిరిగిపోయింది. గేర్లు గాడిలో కూర్చోలేదు. ఆమె చక్రాన్ని రెండు చేతులా కదలకుండా పట్టుకుంది. "మెల్లగా తిప్పండి. నేను పట్టుకున్నాను." ఇద్దరి చేతులకీ ఒకే నూనె అంటింది. చిన్న చక్రం మీద సుద్ద గుర్తు అలాగే ఉంది. ఆయన చూశాడు కానీ తుడవలేదు.

"టీ చల్లారిపోయింది," అంది ఆమె, కళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ. "మళ్ళీ పెడతాను. తాగండి."