ఎదురుచూసే చిలుక

"గిదేందయ్యా? రెండు చిలుకలు ఎదురెదురు చూడాలన్న. ఇవి ఒకదాని ఎనుక ఒకటి అంగడికి పోతున్నయి!"

ముత్తమ్మ బట్టను ఎర్రయ్య ముఖం మీదికి చాచింది. ఆమెది జనగామలో బట్టల మీద బొమ్మలు అద్దే ఇల్లు. అందుకు కావలసిన చెక్క అచ్చులు చెక్కేవాడు ఎర్రయ్య. తన పెండ్లినాడు పట్టుకోవడానికి ముత్తమ్మ తానే చిలుకల చేతిసంచి కుట్టుకుంటున్నది.

"ఒక్క అచ్చుతోని ఒక్క తీరే పడ్తది. తిప్పి కొట్టు."

"తిప్పితే కాళ్ళు మీదికైతయి. నేనడిగింది చిలుకనా, గబ్బిలమా?"

ఎర్రయ్య నవ్వాపుకున్నాడు. "జర ఓపిక పట్టు. ఇటు చూసే చిలుకకు ఇంకో అచ్చు చెక్కుత. ఇంతకు పెండ్లి ఎవలతోని?"

"ముందుగాల సంచి కానియ్యి."

ముక్కు సరిచేయాలని ఒకసారి, తోక నున్నగా లేదని ఒకసారి అతడు వస్తూనే ఉన్నాడు. ఒకనాడు వానకు చూరు కింద నిలబడ్డాడు.

"వాన ఎలిసి ఎంతసేపాయె!" అంది ముత్తమ్మ.

"ఎలిసిందా? నేను చూడనే లేదు."

రెండో అచ్చు మొదలుపెట్టక ముందే రజాకార్లు అతని అన్న ఇల్లు తగలబెట్టారు. ఎర్రయ్య వాళ్ళతో పోరాడే సంఘంలోకి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ముత్తమ్మ చిలుక అద్దిన బట్టముక్క ఒకటి చేతిలో పెట్టింది.

"గిది చూసుకుంట చెక్కు."

"రెండో చిలుకతోనే వస్త."

రజాకార్లు పోయారు. సంఘంవాళ్ళను వెతుకుతూ మిలిటరీ వచ్చింది. ఎర్రయ్య మహదేవపూర్ అడవుల్లో ఉన్నాడని ఎవరో అన్నారు. తర్వాత ఆ మాట అనేవారు కూడా లేరు. సంచి కోసం ముత్తమ్మ కొత్త బట్ట మీద ఒక్క చిలుకనే అద్దింది. అది రెండోదానికి వదిలిన ఖాళీ వైపు చూస్తూ ఉండేది. పని ముగిశాక ఆమె ఆ బట్ట విప్పేది, కాసేపు చూసి, మడిచేది.

"మానుకోట సంబంధమోళ్ళు మళ్ళ అడిగిన్రు బిడ్డా," అంది తల్లి ఎల్లక్క. "ఉన్న అచ్చే ఇంకోపాలి కొట్టి సంచి కుట్టెయ్యరాదు?"

"చిలుకను ఎదురుచూడనియ్యవ్వా."

"ఎండకాలం ఎల్లేదాక చూడనియ్యి. అటెన్క నేను మాటిస్త."

పోరాటం ఆగిందన్నారు. ఎండకాలం వెళ్ళింది. తొలివాన పడుతున్న పూట, చూరుకు అవతల తడుస్తూ ఒక మనిషి. గడ్డం పెరిగి, చిక్కి సగమై ఉన్నాడు.

"చూరు ఉండంగ వానల నిలబడ్డవేంది?"

"రమ్మంటవో, అనవో అని."

ముత్తమ్మ తలుపు బార్లా తీసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

అతడు నడుములోంచి టేకు అచ్చు తీశాడు. ఆమె దానికి రంగు అంటించి, ఖాళీ చోట ఒత్తి ఎత్తింది. రెండో చిలుక కూడా మొదటిదాని వైపు వీపు పెట్టి, అది చూసే దిక్కే చూస్తున్నది.

ఎర్రయ్య తల పట్టుకున్నాడు. అచ్చు చెక్కేవాడు బొమ్మను ఎప్పుడూ తిరగేసే చెక్కుతాడు. ఈ ఒక్క చిలుకను మాత్రం బట్ట మీద ఉన్నదున్నట్టే చెక్కాలి, ఒత్తినప్పుడు అదే తిరగబడి మొదటిదానికి ఎదురవుతుంది.

"చెయ్యి అలవాటుకొద్ది తిప్పేసింది. రేపే ఇంకోటి చెక్కుత."

ముత్తమ్మ అచ్చును కొంగులో ముడివేసుకుంది. ఇన్నేళ్ళకు నవ్వు వచ్చింది, దాంతోపాటే కన్నీళ్ళూ వచ్చాయి.

"వద్దు. ఒక్క అచ్చు చెక్కుతనని గిన్నేండ్లు పోతివి. ఇగ చెక్కకు."

ఎల్లక్క గడపలో నిలబడి ఇదంతా చూసింది.

"సూదిల దారం ఎక్కియ్యి బిడ్డా," అంది. "మానుకోటోళ్ళకు నేను చెప్పుకుంట."