జానెడు కోత

నాగేందర్ కుడి తుంటి కీలు అరిగిపోయింది. ముప్పై ఏళ్లకే కుంటుతున్నాడని మిర్యాలగూడలో రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. అందుకే 2012 వానాకాలంలో సూర్యాపేట దవాఖానాకు వచ్చీ రాగానే ఫిజియోథెరపిస్టు త్రివేణితో వాదన పెట్టుకున్నాడు.

"నాకు చిన్న కోత ఆపరేషనే కావాలె మేడం. పెద్ద మచ్చ పడితే పిల్లనెవరిస్తరు?"

"తుంటి మీద మచ్చ పెళ్లిచూపులల్ల సూపిస్తరా?"

నాగేందర్ చెవులు ఎర్రబడ్డాయి.

"కోత ఏదైనా లోపల పెట్టేది కొత్త కీలే," అంది త్రివేణి. "చిన్న కోతల కండ తక్కువ తెగుతది, జల్ది లేస్తరు. కానీ డాక్టరుకు లోపల తక్కువ కనిపిస్తది. మీ ఎముక వంకరైంది, తెరిచి సూడాల్సిందే. ఏడాది తిరిగితే ఎవరైనా ఒక్కతీరే నడుస్తరు."

"అందాక సంబంధాలు ఆగుతయా?"

"మంచి పిల్లయితే ఆగుతది," అనేసి ఆమె తల తిప్పుకుంది.

డాక్టరు కూడా ఆమె మాటే అన్నాడు. నాగేందర్‌కు జానెడు కోత పడింది. అతను కోరుకున్న చిన్న కోత నడిగూడెం దగ్గరి తండా నుంచి వచ్చిన ముసలమ్మ రుక్మాబాయికి దక్కింది. వాకర్ పట్టుకుని నాగేందర్ చెమటలు కక్కుతుంటే, ఆమె చేతికర్రతో అతన్ని దాటిపోయింది. అయినా ఆమె ముఖంలో సంతోషం లేదు.

"గింతే కోసిండ్రు బిడ్డా! ఇంత పెద్ద ఆపరేషనైందంటే తండాల ఎవలు నమ్ముతరు?"

"మార్చుకుందామా అవ్వా?"

త్రివేణి పకపకా నవ్వింది. ఆ నవ్వు మళ్లీ వినాలని నాగేందర్ చెప్పినదానికన్నా ఎక్కువే నడిచాడు. ఫలితంగా తొందరగా బాగుపడ్డాడు.

"ఇగ మీరు రావాల్సిన పని లేదు," అంది త్రివేణి ఒకరోజు.

కోదాడ నుంచి కొత్త సంబంధం వచ్చిందని అమ్మ సంబరపడితే, నాగేందర్ ఇప్పుడే వద్దన్నాడు. మరుసటి వారం జోరువానలో బస్సు దిగి, కుంటుకుంటూ దవాఖానా మెట్లెక్కాడు.

"మళ్ల నొస్తుంది మేడం."

త్రివేణి అతన్ని ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిపించింది.

"ఆపరేషన్ ఏ కాలుకైంది?"

"కుడికాలుకు."

"మరి ఎడమకాలు కుంటుతరేంది?"

కుంటు పోవాలని జానెడు కోత కోయించుకున్న మనిషి, లేని కుంటు తెచ్చిపెట్టుకుని దొరికిపోయాడు.

"నడక మంచిగైతే... మిమ్మల్ని సూసే వంక ఖతమైతదని..."

ఆమె కిటికీలోంచి వాన చూస్తూ నిలబడింది. నాగేందర్ రెండు కాళ్ల మీదా సరిగ్గా నిలబడ్డాడు.

"ఆదివారం మా ఊరు చివ్వెంలకు రా," అంది చివరికి. 'మీరు' ఎక్కడో జారిపోయింది. "మా నాయిన గొర్లు కాస్తడు. ఏది కుంటుతుందో దూరంకెల్లే పట్టేస్తడు. నాటకాలు చెయ్యక సక్కగ నడువు."

"ఆపరేషన్ సంగతి ఆయనకెట్ల జెప్పాలె?"

"నేను నెల కిందనే జెప్పిన," అంది త్రివేణి. "సంబంధం మాట్లాడెటప్పుడు గట్లాంటివి దాస్తరా?"