మొసలికి నేసిన చీర

మగ్గం పనికి వలసొచ్చిన ఉధ్నాలో, ఆ అద్దె ఇంట్లో చాయ్ పొంగుతుండగానే నవత తేల్చి చెప్పింది. "నేను పరీక్షకు పోను అత్తమ్మా. మగ్గంల ఉరికే నాడె అంత పొడుగు సూది కడుపుల గుచ్చుతరట. మత్తు గూడ ఇయ్యరట."

ఎల్లవ్వ చూపు నేరుగా భర్త మీదికి పోయింది. నలభై ఏళ్లు మగ్గం నడిపిన రాజమల్లు నోట్లో ఎలుక పడితే ఏనుగై బయటికొస్తుందని గల్లీ అంతటికీ తెలుసు.

"నీ నోట్ల మన్నువడ! కడుపుతోటున్న పిల్లను గిట్ల భయపెడ్తవా?"

"నవ్వుతదనుకున్ననే..." గొణిగాడు రాజమల్లు.

నవత మొదటి బిడ్డను ఒంట్లో రక్తం నిలవని జబ్బు రెండేళ్లకే తీసుకుపోయింది. ఈ బిడ్డకూ అది ఉందో లేదో ఉమ్మనీరు తీసి చూడాలి. ఈ వారం దాటొద్దన్నారు డాక్టర్లు. భర్త సుమన్‌ తోడు రాలేడు. కరోనా తేలిందని పనిచేసే జోల్వా మిల్లులోనే ఆపేశారు.

"ఆరుగురిని కన్న. నాకెవలు మత్తిచ్చిన్రు? జర ఓర్చుకోవాలె," అంది ఎల్లవ్వ.

"పిలగాడు పోయినకాడికెళ్లి ఓర్చుకుంటనే ఉన్న అత్తమ్మా. ఇంకెంత?"

ఎల్లవ్వ గ్లాసు కింద పెట్టింది. కోడలి పక్కన కూలబడింది. "తప్పైంది బిడ్డా. మత్తే అడుగుదాం, పా."

ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లాక డాక్టరమ్మ హిందీలో విడమరిచింది. సూది పొడుగుదే గానీ చాలా సన్నం. తిమ్మిరి మందు కావాలంటే ఇస్తారు, కానీ అదీ ఒక పోటే. అది లేకుండానే తట్టుకునేవాళ్లే ఎక్కువ. ధ్యాస మళ్లితే ఇంకా తేలిక. నీ ఇష్టం, అంది.

తోడు ఎవరూ లోపలికి రాకూడదు. నవత తలుపు వైపు చూసింది. "మందు వద్దు. మామను తలుపు అద్దం కాడ నిలబెట్టుండ్రి."

మగ్గాల మోతలో మాట వినబడదు. నేతగాళ్లు చేతులతోనే ముచ్చట్లాడుకుంటారు. మగ్గాల షెడ్డులో పెరిగిన నవతకూ ఆ భాష వచ్చు. పరీక్ష బల్ల మీద పరిచిన గుడ్డ ఆమెను మెడదాకా కప్పేసింది. అద్దం అవతల రాజమల్లు చేతులు లేచి కథ ఎత్తుకున్నాయి. తాపీ నదికి వరద. కొట్టుకుపోతున్న మగ్గం. దాని మీద తను. చీర నేసివ్వకపోతే మింగుతానంటున్న మొసలి. చివరికి ఆ మొసలి కుచ్చిళ్లు ఎలా దోపుకుందో వరండాలో నడిచి మరీ చూపించాడు. వాచ్‌మన్ నోరు తెరిచాడు.

"నవ్వకమ్మా, కడుపు కదులుతుంది!" డాక్టరమ్మ కసిరింది. నవత పెదవి బిగబట్టింది. చురుక్కుమంది, అంతే.

"అయిపోయింది," అంది డాక్టరమ్మ.

రిపోర్టులో ఏ భయమూ లేదని తేలిన రోజు, ఎల్లవ్వ అందరి నోళ్లూ తీపి చేస్తుంటే నవత అడిగింది. "మామా, ఆ దినం నీ చేతులెందుకు వణికినయి?"

"వరద నీళ్లు శానా సల్లగుండె బిడ్డా," అన్నాడు రాజమల్లు, తువ్వాలతో కళ్లొత్తుకుంటూ.

ఆ అబద్ధాన్ని ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఎవరూ కాదనలేదు.