వెనక సీటు బరువు

కార్లు కొనడానికి వచ్చినవాళ్ళు మొదట ధర అడుగుతారు, తర్వాత మైలేజీ అడుగుతారు. భూమన్న వెనక తలుపు తీసి, చెప్పులు కింద విడిచి, సీటు మీద అడ్డంగా పడుకున్నాడు. ఒక పక్కకు ఒత్తిగిలి చూశాడు, మోకాళ్ళు ముడుచుకుని చూశాడు.

జగిత్యాల షోరూంలో బండ్లు చూపించే దేవేందర్ కాసేపు నిలబడి చూసి, "కాకా, పండేటందుకైతే మంచం కొనుక్కోరాదే, అగ్గువకొస్తది" అన్నాడు.

భూమన్నకు నవ్వు రాలేదు. "మనిషి పండుకుంటే కాళ్ళు బయటికి రావద్దు. గది సూస్తున్న."

అక్కడ రెండు రకాల బండ్లున్నాయి. ఒకటి ఏడుగురు పట్టే పొడుగుది. ఇంకోటి అప్పుడప్పుడే కొత్తగా వస్తున్న రకం, జీపులా ఎత్తుగా ఉండి నిడివికి మామూలు కారంతే. రోజూ తిరగడానికైతే ఈ చిన్నదే మేలని దేవేందర్ చెప్పాడు. గుంతల్లో అడుగు తాకదట, ఇరుకు గల్లీలో దూరుతుందట, చిన్న జాగాలో తిరుగుతుందట. భూమన్న షోరూం వెనకున్న ఖాళీ జాగాలో మూడుసార్లు తిప్పి చూశాడు. ఇంట్లో ఎందరుంటారని అడిగితే ఒక్కడినే అన్నాడు. ఒక్కనికి ఇంత బండెందుకని దేవేందర్ ఆశ్చర్యపోతే, బిడ్డ కాన్పుకున్నదని చెప్పి ఆ చిన్నదాన్నే ఖాయం చేసుకున్నాడు.

భూమన్న ఇరవై రెండేళ్ళుగా ఆర్టీసీ కండక్టరు. కోరుట్లలో ఇల్లు, జగిత్యాలలో డ్యూటీ. రెండేళ్ళ కింద తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోలోనే ఆగిపోయినప్పుడు, ఆ రెండూళ్ళ నడుమ ఒక చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా తాడు కట్టారు. బస్సుల్లో అరిచి అరిచి ముదిరిన గొంతు గనుక మైకు భూమన్న చేతికిచ్చారు. అంబులెన్సు కనబడితే తాడు తనే దించేవాడు. కానీ ఆ రోజు ఎనభై బండ్ల వెనక ఆగిన ఒక ఆటోలో, గుండెనొప్పితో పడుకున్న మనిషి తన భార్య పుష్ప అని అతనికెట్లా తెలుస్తుంది? డప్పుల మోతలో జేబులోని ఫోను వినపడలేదు. "ఒక్క అరగంట ఓపిక పట్టుండ్రి" అని మైకులో చెబుతూనే ఉన్నాడు. తాడు దించి, ఎవరో చెబితే పరుగెత్తి వెళ్ళేసరికి, ఆటో పరదా కింద నుంచి ఆమె పాదాలు బయటికి చాపి ఉన్నాయి. పట్టుకుంటే చల్లగా తగిలాయి.

ఎవరూ అతన్ని ఒక్క మాటనలేదు. అని ఉంటే బాగుండేదని అతనికి చాలాసార్లు అనిపించింది. ఉద్యమం సాగింది, పిలుపు వచ్చినప్పుడల్లా అతనూ పోయాడు. మైకు మాత్రం మళ్ళీ ముట్టలేదు.

కొత్త బండిలో రోజూ డ్యూటీకి పోసాగాడు. కిక్కిరిసిన బస్సులో ఇటు నుంచి అటు తిరిగే కండక్టరుకు బండి ఎంత బరువు మీదుందో అరికాళ్ళకే తెలుస్తుంది. నాలుగో రోజు పొద్దున ఆ చౌరస్తా స్పీడ్‌బ్రేకరు దాటుతుంటే బండి వెనక భాగం కొద్దిగా కుంగింది. ఒక్క మనిషి బరువు. అద్దంలో చూశాడు. ఖాళీ సీటు. సాయంత్రం తిరిగి వస్తుంటే సరిగ్గా అదే చోట బండి తేలికైంది.

వారం తిరగకముందే అతను అక్కడ బస్సు స్టేజీ వచ్చినట్టుగా బండి నెమ్మది చేయడం మొదలుపెట్టాడు. తర్వాత మాటలు మొదలుపెట్టాడు. కూరలో ఉప్పెక్కువైందనీ, బిడ్డ మంజులకు కాళ్ళు వాచాయనీ, ఒక్కడికి అన్నం వండితే ఎప్పుడూ మిగులుతుందనీ చెప్పేవాడు. జవాబు ఉండేది కాదు. ఇంటికి పోతే నల్లా చుక్కల చప్పుడు తప్ప మరేదీ లేని మనిషికి, జవాబు లేకపోవడం పెద్ద లోటుగా తోచలేదు. దారిలోని ఆ కాసేపే అతని సంసారం.

అతని బిడ్డ మంజులను సిరిసిల్ల దగ్గరి వీర్నపల్లిలో ఇచ్చాడు. అల్లుడు మహారాష్ట్రలో, భీవండి మగ్గాల మీద పనిచేస్తున్నాడు. తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలి గానీ, తల్లే లేని ఇంటికి పంపనని అత్త సత్యవ్వ కోడల్ని తన దగ్గరే ఉంచుకుంది.

బంద్ పిలుపు ఉన్న ఒక రోజు, మధ్యాహ్నం దాటాక సత్యవ్వ ఫోను చేసింది. నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగిందని ఊరి నర్సు చెప్పింది, అంబులెన్సు వేరే ఊరికి పోయింది, ఊళ్ళో ఒక్క ఆటో కూడా కదలడం లేదు. భూమన్న రుద్రంగి మీదుగా బండిని ఉరికించాడు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. రోడ్డు మీద కాలిన టైర్ల నల్లటి గుండ్రాలు తప్ప పిట్ట మనిషి లేడు.

మంజులను వెనక సీట్లో పడుకోబెట్టారు. సత్యవ్వ ముందు కూర్చుంది. సిరిసిల్ల వైపు బయలుదేరేసరికి పొద్దు గూకుతోంది. ఊరు దాటగానే రెండు పక్కలా అడవి. ఒక గుంతలో చక్రం దిగింది. భూమన్న అరికాళ్ళు చెప్పాయి... వెనక ఇద్దరు.

ఇది పుష్ప ఎక్కే దారి కాదు. అతను అద్దం వైపు చూడలేదు.

మలుపు తిరిగాడు. బ్రేకు తొక్కాడు.

ఎదురుగా బండ్లు. లారీలు, జీపులు, ట్రాక్టర్లు... ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత దూరం. ఒక్కదానికీ దీపం లేదు. ఒక్కదాంట్లో మనిషి లేడు. ఇంజన్లు మాత్రం చల్లారుతూ టిక్కు టిక్కుమంటున్నాయి. కాలిన రబ్బరు వాసన. అన్నిటికీ చివర, తన బండికి రెండు గజాల ముందు ఒక ఆటో. పరదా కింద నుంచి రెండు పాదాలు.

దూరంగా మైకు గరగరమంది. మాట్లాడుతున్నది తన గొంతే.

"ఒక్క అరగంట... ఓపిక పట్టుండ్రి..."

సత్యవ్వ అతని వైపు తిరిగింది. "ఎందుకాపినవన్నా? తొవ్వ ఖాళీగనే ఉన్నది గద."

ఆటోలో పాదాలు కదిలాయి. వేళ్ళు ముడుచుకున్నాయి... చాచుకున్నాయి. పరదా వెనక నుంచి సన్నని మాట.

"మల్లొక్కపారి ఇడిచిపెట్టి పోతవా?"

రెండేళ్ళుగా అతను కోరుకున్నది ఒక్కటే. ఆ ఆటో దగ్గరికి సమయానికి చేరుకోవాలి. పక్కన కూర్చుని ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకోవాలి. చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. పిడి మంచులా ఉంది.

వెనక నుంచి మంజుల మూలిగింది. "బాపూ... నాతోని అయితలేదు..."

"పుష్పా, మన బిడ్డను దక్కించుకోవాలె" అన్నాడు భూమన్న.

ఎడమ పక్కన మోదుగుల నడుమ ఎడ్లబండి బాట ఉంది. పొడుగు బండి అయితే ఆ సందులో తిరిగేది కాదు. స్టీరింగు పూర్తిగా తిప్పాడు. కొమ్మలు అద్దాలను గీకాయి. ఆటో పక్క నుంచి పోతున్నప్పుడు పరదా లోపలి నుంచి ఎవరో అరచేత్తో తమ బండి రేకు మీద తట్టారు. ఒకసారి... రెండోసారి... తర్వాత ఆగిపోయింది. పొలాల్లో పడి, చుట్టు తిరిగి మళ్ళీ తారు రోడ్డెక్కేదాకా భూమన్న ఏడుస్తూనే ఉన్నాడు.

సిరిసిల్ల ఆస్పత్రిలో వెంటనే ఆపరేషన్‌కు తీసుకుపోయారు. గంటన్నరకు నర్సు కొమురమ్మ బయటికొచ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కకపోదురని డాక్టరమ్మ చెప్పిందట. భూమన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బండి తన పని చేసింది అనుకున్నాడు. పుష్ప ఆ రోడ్డు మీదే ఉండిపోయింది, రేపటి నుంచి వెనక సీటు ఖాళీ, అని కూడా అనుకున్నాడు.

కొమురమ్మ అంతటితో పోలేదు. సత్యవ్వను కసిరింది.

"నొప్పులు పడే పిల్లకు గంత బిగ్గ జడ అల్లుతరా అమ్మా? తల ఆనిచ్చి పండనిస్తలేదు. ముడి ఊడకపోతే కత్తెర పెట్టిన."

సత్యవ్వ ముఖం పాలిపోయింది. "కాన్పుకు ముడి ఉండద్దని ఇంట్లనే ఆమె ఎంట్రుకలు మొత్తం ఇప్పిన నేను. ఇరబోసుకునే బండెక్కింది. నేను ముంగట కూసున్న. ఎవలల్లుతరు?"

నర్సు చేతిలో కత్తిరించిన జడ కొస ఉంది. నూనె కారుతున్నంత నున్నగా ఉంది. భూమన్న దాన్ని గుర్తుపట్టాడు, పుష్ప బిడ్డకు ఎప్పుడూ ఇట్లాగే నూనె పెట్టి బిగించి అల్లేది. దారి పొడుగునా పుష్ప వెనకే కూర్చుని బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుని ఉంటే... మరి ఆ ఆటోలో ఉన్నది ఎవరు?

పసిగుడ్డును గుడ్డలో చుట్టి తెచ్చి సత్యవ్వ చేతుల్లో పెట్టారు. ఒత్తుగా జుట్టుతో పుట్టింది. నిద్రపోతోంది. ఇప్పుడే తన చేతులతో తుడిచానని కొమురమ్మ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

పాప నడినెత్తి మీద, దారమంత సన్నగా, మూడు పాయల జడ. సగం వరకే అల్లి ఉంది. అల్లని మూడు పాయలూ విడివిడిగా, వేళ్ళ మధ్య బిగించి పట్టుకున్నట్టు, గాలిలోకి నిటారుగా లేచి ఉన్నాయి.