తలకిందుల తాత

ఆ ఇంట్లో ముప్ఫై రెండేళ్లుగా ఎవరూ పేరెత్తని వస్తువు ఒకటుంది. గురువారం మధ్యాహ్నం అది ఒక్కసారిగా అందరి నోళ్లలోనూ పడింది! ఫొటో స్టూడియోలో పనిచేసే కూతురు చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూసుకొచ్చి, కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లి ముఖానికి ఫోను అడ్డం పెట్టింది. తల్లి ఒళ్లో ఎవరిదో ప్యాంటు, నోట్లో రెండు గుండుసూదులు. ఫోనులో ఒక పాత గేమ్ క్యాసెట్ ఫొటో ఉంది... ఆ కాలంలో టీవీకి తగిలించిన ఆటపెట్టెలో దూర్చి ఆడుకునే నల్లటి ప్లాస్టిక్ డబ్బా. దాని మీద అతికించిన లేబుల్లో, లాంతరు పట్టుకున్న ఒక ముసలాయన తలకిందులుగా వేలాడుతున్నాడు.

"ఇది నాన్న చేసిన ఆట కదమ్మా? ఫొటో కింద నాన్న పేరుంది. ఎవరో వేలంలో కొన్నారు. ఆ డబ్బుతో కొత్త కారు వస్తుంది. అదీ అట్టపెట్టె లేకుండా, ఒళ్లంతా గీతలు పడిపోయినదానికి."

ఆమె గుండుసూదులు తీసి దిండుకు గుచ్చింది. ఎగిరి గంతెయ్యాల్సిన మాటే! కానీ ఆమె చెయ్యి కిందికి పోయి సొరుగును మూసిపట్టింది. ఎందుకంటే ఆమె మోకాలికి తగులుతున్న మిషను సొరుగులో, బొత్తాల డబ్బాల వెనక, అట్టపెట్టెతో, లోపలి చిన్న పుస్తకంతో సహా, ఒక్కసారి కూడా ఎవరూ ఆడని లాంతరు తాత ఒకడు ముప్ఫై రెండేళ్లుగా పడుకుని ఉన్నాడు. వాణ్ణి బయటికి తీస్తే వాడితోపాటు ఇంకేం బయటికి వస్తుందో ఆమెకొక్కదానికే తెలుసు... కాదు, ఆమెకూ, ఆమె ఆడపడుచుకూ తెలుసు.

ఇప్పుడు టీవీలు బాగుచేసుకుంటున్న ఆమె భర్త ఒకప్పుడు ఆటలు తయారుచేసినవాడంటే ఎవరూ నమ్మరు. స్నేహితుడితో కలిసి ముందుగదిలో ఏడాదిన్నర కూర్చుని చేసిన ఆట అది. చీకటి గనిలో తప్పిపోయిన కోడిపిల్లల్ని లాంతరు వెలుగులో వెతుక్కుంటూ పోయే తాత! పెళ్లయి రెండేళ్లయినా కాలేదు, వారం రోజుల్లో ఆమె లేబుల్ మీదికి తాత బొమ్మ వేసిచ్చింది. బొమ్మ చూసి ఆయన మురిసిపోయాడు. రెండో ఆటకీ, మూడో ఆటకీ కూడా బొమ్మలు నువ్వే వెయ్యాలన్నాడు. ఆ మాట అన్న రోజు ఆమె అన్నం తినడం కూడా మరిచిపోయింది.

లేబుళ్లు ఇంట్లోనే, భోజనాల బల్ల మీద అతికించారు. ఒక పక్క ఆమె, ఎదురుగా పందొమ్మిదేళ్ల ఆడపడుచు. ఉదయం ఆమె యాభై అతికించి, చిన్న పుస్తకాలు తేవడానికి అచ్చాఫీసుకు వెళ్లింది. వదిన వచ్చేలోపు పని ముగించి శభాష్ అనిపించుకోవాలని ఆ పిల్ల ఉబలాటం! దానిది ఎడమచేతివాటం. కుడిచేతి మనిషికి వీలుగా క్యాసెట్లు పేర్చిన ట్రేలు చేతికి అడ్డం వస్తున్నాయని, వాటిని ఇటునుంచి అటు తిప్పేసుకుంది. క్యాసెట్లన్నీ తలకిందులయ్యాయన్న సంగతి ఆ హడావిడిలో దానికి తట్టనే లేదు. వదిన తిరిగొచ్చేసరికి నూట ఎనభై మంది తాతలు తలకిందులుగా వరసల్లో ఆరుతున్నారు. ఆ పాటికి నమూనాకని అలాంటివే ఇంకో ఇరవై కొట్లకు కూడా వెళ్లిపోయాయి.

మర్నాడు సరుకు కొనే పెద్ద వర్తకుడు ఆ ఇరవైలో ఒకటి చేతికి తీసుకుని, డబ్బా తిప్పి చూసి, ఆర్డరు మొత్తం రద్దు చేశాడు. స్నేహితుడు అటునుంచి అటే తప్పుకున్నాడు. భర్త ఇంటికొచ్చి గుమ్మంలోనే అడిగాడు, ఎవరతికించారని. తలుపు చాటున ఆడపడుచు నిలబడి ఉంది. ఇంకొక్క తప్పు చేశావంటే టీచరు ట్రైనింగు లేదూ ఏమీ లేదు, ఇంట్లో కూర్చోమని వారం కిందటే ఆయన దాన్ని హెచ్చరించి ఉన్నాడు. ఆయన మాటంటే మాటే. ఆమె ఒక్క అడుగు ముందుకేసి, "నేనేనండీ" అంది. ఆ ఒక్క ముక్కతో పిల్ల చదువు నిలబడింది!

ఆమెది మాత్రం ఏమీ నిలబడలేదు. తిన్నగా ఉన్న యాభై అయినకాడికి వదిలించుకుని, మిగతా క్యాసెట్లన్నీ కాల్చిపారేశానని ఆయన చెప్పాడు. రెండో ఆట అన్న మాటే మళ్లీ ఎత్తలేదు. ఆమెను తన పనిబల్ల దరిదాపులకు రానివ్వలేదు. అత్తగారు 'తలకిందులమ్మ' అని పేరు పెడితే, నవ్వులాటకు పుట్టిన ఆ పేరు నాలుగేళ్లలో అసలు పేరును మింగేసింది. ఆమె కుంచెలు కట్టగట్టి పక్కన పెట్టి ప్యాంట్లకు అంచులు కుట్టింది. ఇప్పుడు పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్సయిన ఆడపడుచు ప్రతి ఆదివారం వచ్చి వదిన పక్కన కూర్చుని, అడక్కుండానే దారాలు కత్తిరించి వెళుతుంది. నిజం చెప్పేస్తానని రెండుసార్లు నోరు తెరిచింది కూడా. పాతది తవ్వకు చిట్టీ, అన్నాచెల్లెళ్లు బాగుండడం నాకు ముఖ్యం అని ఆమే ఆ నోరు మూయించింది.

తల్లి చెయ్యి ఎక్కడికి పోయిందో చూశాక కూతురు ఆగే రకం కాదు. సొరుగు లాగింది, క్యాసెట్ తీసింది, ఫొటోలు పెట్టింది! సాయంత్రానికల్లా పాత ఆటలు సేకరించే పెద్దమనిషి ఒకాయన ఆదివారం పది గంటలకు వస్తానన్నాడు. శనివారమంతా ఇల్లు ఇల్లులా లేదు. అత్తగారు ఎనభై ఏళ్ల వయసులో నడుం బిగించి కుర్చీలు తుడిచింది. భర్త పైకి గుంభనంగా ఉన్నా, గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. ఇన్నేళ్లూ అదెందుకు దాచావని మాత్రం ఆయన అడగలేదు.

ఆ పెద్దమనిషి చెప్పిన సమయానికి వచ్చాడు. అప్పటికే ప్రతి ఆదివారంలాగే ఆడపడుచు కూడా వచ్చి ఉంది. భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు క్యాసెట్‌ను ఎత్తుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి అత్తగారు దగ్గరికి జరిగింది.

"ఇంతకీ దీనికింత గిరాకీ ఏమిటి నాయనా? ఆ రోజుల్లో ఊరికే ఇస్తామన్నా ఎవడూ తీసుకోలేదే" అని అడిగింది.

"అందుకేనండీ ఈ గిరాకీ" అని ఆయన ఉత్సాహంగా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అందరూ కొన్న ఆటలు ఇప్పటికీ గంపలకొద్దీ దొరుకుతాయట, వాటిని అడిగే నాథుడు లేడట. ఎవరికీ పట్టని ఆటలైతే తయారైనవే కొన్ని. వాటిలోనూ కొన్ని పిల్లలు పగలగొట్టారు, కొన్ని పాతసామాన్లలో పోయాయి, పెట్టెల్ని అమ్మలు చించి పారేశారు. పక్కింట్లో చూసి, కొనుక్కోలేక ఏడ్చిన పిల్లలు ఈనాడు సంపాదనపరులయ్యారు. పోయిన చిన్నతనం ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు. ఒక్కటే ఉండి, దాన్ని అడిగేవాళ్లు ఇద్దరుంటే ధర పెరుగుతుంది, ఇరవై మందుంటే కొండెక్కి కూర్చుంటుంది. పైగా ఇందులో పొరపాటు కూడా ఉంది! తిన్నగా అతికించిన యాభైకీ ఇంత వెల లేదు. తలకిందులవి ఇరవై బయటికి వెళితే లోకం మొత్తంలో తొమ్మిది మిగిలాయి. ఇది పదోది, అన్నిటికన్నా శుభ్రమైనది.

ఆయన చెప్పిన ధర విని కూతురు తల్లి భుజం పట్టుకుని గిర్రున తిప్పేసింది. మూడు కార్ల డబ్బు!

"ఒక్క కాగితం మాత్రం కావాలి. దీన్ని అతికించినవాళ్లు, అతికించింది నేనేనని, మిగతా సరుకు ఏమయిందో రాసి సంతకం పెట్టాలి. కొనేవాళ్లు దాన్ని నమ్మే కొంటారు" అన్నాడాయన.

భర్త కాగితం, పెన్ను ఆమె ముందుకు జరిపాడు. ఇన్నాళ్లూ అది నోటిమాటే. ఇప్పుడు ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు నమ్మి డబ్బు పోసే కాగితం మీద అబద్ధం రాయాలి... రాయనంటే ఆడపడుచు పరువు ఈ బల్ల మీదే పోతుంది! ఎదురుగా ఆడపడుచు ఏదో చెప్పబోతూ ముందుకు వంగింది. వదిన కళ్లతోనే వద్దని చెప్పి, పెన్ను అందుకుంది.

పెద్దమనిషి భూతద్దం మీదినుంచి ఆమె కుడిచేతిని చూసి, "ఎడమచెయ్యి వాడండమ్మా, ఫర్వాలేదు, మొహమాటమెందుకు" అన్నాడు.

"ఎడమచెయ్యేమిటి?" అన్నాడు భర్త.

ఆయన సంబరంగా వివరించాడు. లేబుల్ అతికించేవాళ్లు కాగితాన్ని వేళ్లతో నిమురుతారు కదా, కుడిచేతివాళ్లు ఎడమనుంచి కుడికి నిమిరితే మిగులు జిగురు బొమ్మకు కుడి అంచున బయటికొస్తుందట. తిన్నగా ఉన్న క్యాసెట్లన్నిటి మీదా అలాగే ఉందట. తలకిందుల తొమ్మిదింటి మీదా జిగురు ఎడమ అంచున ఉంది. దీని మీద కూడా!

"ఇవి అతికించింది ఎడమచేతివాటం మనిషి. నకిలీలను మేం పట్టేదే దీంతో" అన్నాడు.

భర్త చూపు భార్య కుడిచేతిలోని పెన్ను మీదినుంచి లేచి, బల్ల అవతలికి పోయి, ఎడమచేత్తో టీ కప్పు పట్టుకున్న చెల్లెలి దగ్గర ఆగింది.

ఆడపడుచు కప్పు దించి లేచింది. వదిన చేతిలో పెన్ను తీసుకుంది. వదిన లాక్కోబోయినా వదల్లేదు. ఎడమచేత్తో, బడి పిల్లలకు రాసిచ్చినట్టు గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, కాగితం అన్న ముందుకు తోసింది.

"ట్రేలు తిప్పింది నేనన్నయ్యా. నా చదువు ఆగిపోతుందని వదిన నెత్తిన వేసుకుంది. నేను హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. వదిన తలకిందులమ్మ అయింది. ప్రతి ఆదివారం ఆ పేరు విని, దారాలు కత్తిరించి వెళ్లిపోయాను. అంతకుమించి ధైర్యం రాలేదు నాకు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పేరు పెట్టింది తనే! భర్త కుర్చీ వెనక్కి నెట్టి విసురుగా లోపలికి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు ఆమె కాపాడుకొచ్చింది ఒక్క సంతకంతో పోయింది... అన్నాచెల్లెళ్లకు ఇక మాటలుండవు! వెనకాలే పరుగెత్తింది. ఆయన అటక కింద నిచ్చెన వేసుకుని ఎక్కుతున్నాడు. పాడైపోయిన డొక్కు టీవీల వెనకనుంచి ఒక చెక్కపెట్టె లాగాడు, తర్వాత ఇంకొకటి. కూతురొచ్చి అందుకోకపోతే రెండోది ఆయన మీదే పడేది. దుమ్ము కొట్టుకుపోయిన ఒళ్లుతో వాటిని మోసుకొచ్చి తెల్లగుడ్డ పక్కన దింపి, మూతలు ఊడబెరికాడు.

పెట్టెల నిండా లాంతరు తాతలే! కొత్తగా, నిగనిగలాడుతూ, వరసలు వరసలుగా, అందరూ తలకిందులే!

"కాల్చానన్నారు కదండీ" అందామె.

"పెరట్లో కుప్ప పోశాను. అగ్గిపుల్ల కూడా గీశాను. కోపం నీ మీద, బొమ్మ మీద కాదు కదా... నా చేతులు రాలేదు." ఆయన కళ్లు తుడుచుకుంటే దుమ్ము చారలు కట్టింది. "నూట ఎనభై ఉండాలి. లెక్కపెడితే ఒకటి తగ్గింది. అది నువ్వు దాచుకున్నావని అప్పుడే తెలుసు. నువ్వూ పారేయలేదని తెలిసి కూడా, నోరు విప్పి ఒక్క మాట అడగలేదు. నేనేం మనిషినే?"

ఆమె ఏడ్చింది. ఆడపడుచు వచ్చి వదినను కావలించుకుని ఏడ్చింది. భర్త ఒక చెయ్యి చెల్లెలి తల మీద వేసి, రెండో చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలియక గాలిలో ఉంచేస్తే, భార్యే ఆ చేతిని పట్టుకుంది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు.

వాళ్లందరికన్నా ఎక్కువ దిగాలుపడ్డవాడు ఆ పెద్దమనిషి! నుదుట చేత్తో కొట్టుకున్నాడు. "నూట డెబ్బై తొమ్మిది... అమ్మా, ఇవి బయటికొస్తే ధర పదోవంతు కూడా పలకదు. మిగతా సరుకు ఏమయిందో కాగితంలో రాయాలి. ఇవి ఉన్నాయని తెలిశాక, లేవని నేను రాయించలేను. ఏం చేద్దాం?"

కూతురు తల్లి వైపు చూసింది. మూడు కార్లు కళ్లముందే కరిగిపోయి ఒక సైకిలయ్యేలా ఉన్నాయి!

"ఉన్నాయని రాయి చిట్టీ, మొత్తం లెక్కతో" అంది ఆమె కన్నీళ్లలోనే నవ్వుతూ. "ఈ ఇంట్లో ఇక ఒక్క అబద్ధం కూడా వద్దు. ధర తగ్గితే తగ్గనీ."

ఆడపడుచు ఎడమచేత్తో ఆ వాక్యం కూడా చేర్చింది.

పెద్దమనిషి కాసేపు గింజుకున్నాడు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. అమ్మకం సంగతి అలా ఉంచి, తన కోసం ఒకటి కొనుక్కుంటానన్నాడు. కాకపోతే బొమ్మ వేసినావిడ సంతకం దాని మీద ఉండాలన్నాడు. బొమ్మ ఎవరిదని ఇన్నేళ్లూ సేకరించేవాళ్లంతా ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారట, చిన్న పుస్తకంలో ఆ పేరు లేదట.

"మా ఆవిడ వేసింది" అన్నాడు భర్త. అని, బయటివాళ్ల ఎదుట, ముప్ఫై రెండేళ్ల తర్వాత, ఆమెను అసలు పేరుతో పిలిచాడు. అత్తగారు లోపలికి వెళ్లి, బీరువా కింద కట్టగట్టి ఉన్న కుంచెలు వెతికి తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది.

భర్త క్యాసెట్ చేతిలోకి తీసుకుని, ఆమె సంతకానికి వీలుగా అటూ ఇటూ తిప్పుతూ తటపటాయించాడు.

"ఎటు పెట్టమంటావు?"

"తాతను నిలబెట్టండి" అందామె. "డబ్బా తలకిందులైతే కానివ్వండి."

ఆయన తిప్పి పట్టుకున్నాడు. ఆమె కుడిచేత్తో, తాత కాళ్ల దగ్గర, మెల్లగా తన పేరు రాసుకుంది.