సాంసన్ కట్టిన ముడి

నల్లా తిప్పితే నీళ్లు రావాలి, అంతే. రాకపోతే మా తాతముత్తాతలను కూడా లేపి తిడతారు. వస్తే మాత్రం, ఎవడు తెచ్చాడని అడిగే నాథుడుండడు. ఇరవై రెండేళ్లుగా ఈ మంచినీళ్ల పైపు మీదే బతుకుతున్నాను కాబట్టి నాకు తిట్లు అలవాటే. తినగా తినగా వేము కూడా తియ్యనవుతుంది.

ఆ వారం మూడు రోజులుగా ముసురు. పెద్దమందడి అవతల, చెరువు కట్ట దిగువన పెద్ద పైపు పగిలింది. మనిషి మోకాళ్ల మీద పాకుతూ పోయేంత పైపు అది. పదహారు ఊళ్లకు, ఒక దవాఖానకు నీళ్లు బంద్. పొద్దుటి నుంచి నా ఫోన్ మోగీ మోగీ, మధ్యాహ్నానికి వానలో నాని చచ్చింది. పీడా పోయిందనుకున్నాను.

పనిలో ఉన్నది ముగ్గురం. నేను భీమయ్యను, వాల్వు చూసేవాణ్ని. వెల్డింగు చేసే సాంసన్‌ది అమరచింత. పైపు దగ్గర తవ్విన గుంతలో చేరే వాననీళ్లను మోటారుతో తోడేది నిరంజన్. పగులు పైపు అడుగున ఉంది. బయటి నుంచి చెయ్యి పెట్టే వీలు లేదు. గుంతలో తెరిచి పెట్టిన పైపు మూతిలోంచి సాంసన్ లోపలికి దూరి అతుకు వెయ్యాలి.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. పైపులోకి దూరేవాడు ముందుగా మూసిన వాల్వు దగ్గరికి వచ్చి, తన తువ్వాలను తన చేత్తోనే దాని చక్రానికి కడతాడు. పని అయ్యాక తనే వచ్చి విప్పుతాడు. అప్పటిదాకా కలెక్టరు వచ్చి చెప్పినా చక్రం తిప్పకూడదు. గుంతకూ వాల్వుకూ మధ్య అర కిలోమీటరు. కేక వినపడదు. ఫోన్‌లో ఒకటి చెబితే ఇంకొకటి వినిపిస్తుంది. అందుకే మనిషే రావాలి.

సాంసన్ గళ్ల తువ్వాల కట్టి, రెండు ముళ్లు వేశాడు.

"జర పైలం భీమన్నా. నేనొచ్చి ఇప్పేదాక కూసో. బిడ్డ పుట్టి ఇరవై దినాలు గూడ కాలే."

"నీ ముడి నేను ముట్టుకుంటనారా? పో."

నవ్వుకుంటూ వెళ్లాడు.

మూడు గంటలకే పొద్దు గూకినట్టయింది. వాల్వు పక్కన టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాను. తడి మన్ను వాసన, తుప్పు వాసన. చెరువులో కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. ఒక బీడీ ముట్టించడానికి ఆరు అగ్గిపుల్లలు పట్టాయి. ఆరోది అంటుకునేసరికి కప్పలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

కట్ట మీద మా పనివాళ్లకిచ్చే పసుపుపచ్చ రెయిన్‌కోటు కనపడింది. టోపీ కళ్ల మీదికి దించుకుని, తల వంచుకుని వస్తున్నాడు. దగ్గరికి వచ్చేకొద్దీ పాచి వాసన గుప్పుమంది. పైపులోంచి వచ్చినవాడి దగ్గర అత్తరు వాసన వస్తుందా అనుకున్నాను.

"అయిందా సాంసన్?"

తల ఊపాడు.

"గింత జల్దినా?"

మళ్లీ ఊపాడు. వంగి ముడి మీద చెయ్యి వేశాడు. వేళ్లు తెల్లగా నాని, ముడతలు పడి ఉన్నాయి. వానకు బిగిసిన ముడి పళ్లతో పీకినా రాదు. అతను ఇలా లాగాడో లేదో, రెండు ముళ్లూ ఊడి వచ్చాయి. తువ్వాల భుజాన వేసుకుని వచ్చిన దారినే నడిచాడు.

"చాయ్ తాగి పోరా!"

వెనక్కి చూడలేదు. చలికి మాట రావట్లేదేమో, పాపం అనుకున్నాను. ముడి విప్పిన చేతులు చూశాను. మొహం చూడలేదు. చూడాలని మా కట్టుబాటులో లేదు. ఇరవై రెండేళ్లలో ఆ అవసరమే రాలేదు.

చక్రం పూర్తిగా తెరవాలంటే నలభై తిప్పులు. పదో తిప్పుకు పైపులో నీళ్లు గుర్రుమన్నాయి. పదిహేనో తిప్పుకు... టంగ్.

లోపలి గాలి బయటికి తన్నుతోందనుకున్నాను. ఇంకో రెండు తిప్పాను.

టంగ్... టంగ్... టంగ్...

గాలి అలా కొట్టదు. అది సుత్తి.

చక్రం వెనక్కి తిప్పాను. చేతులు జారుతున్నాయి. ఏసయ్యా, మల్లన్నా, ఎవరైతే వాళ్లు... సుత్తి వేగం పెరిగింది. పెరిగి, నెమ్మదించింది. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి... చక్రం బిగుసుకునేసరికి ఏ చప్పుడూ లేదు. సాంసన్ ఇక లేడని నాకు అప్పుడే తెలిసిపోయింది. వాణ్ణి చంపింది నా చేతులే. ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను.

కట్ట వెంట పరుగెత్తాను. చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. గుంతలో నిరంజన్ నడుం లోతు నీళ్లలో నిలబడి, పైపు మూతిలోంచి తాడు లాగుతున్నాడు. సాంసన్ నడుముకు కట్టిన తాడు అది. ఒట్టిదే వచ్చింది.

"వాడే వచ్చి ఇప్పిండురా!" గట్టున కూలబడి ఏడ్చాను. "నా కండ్ల ముందల ఇప్పిండు!"

నిరంజన్ తలెత్తి నన్ను చూశాడు. పైపు మూతిని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. తాడు వదిలేశాడు.

"నువ్వు... ఎట్ల బయటికొచ్చినవ్?"

"ఏంది?"

"ఇందాక నువ్వే వస్తివి గద, భీమన్నా," అన్నాడు గుసగుసగా. "పసుపు కోటు ఏస్కోని. వాల్వు కాడ ఇంకొకల్లను కూసోబెట్టిన, సాంసన్‌కు సాయం జేస్త అంటివి. వాడు రా అన్నా అని చెయ్యిచ్చిండు. వాని ఎనుకనే లోపలికి పోతివి."

"నేను వాల్వు కాడి నుంచి లేవనే లేదురా..."

"నేను ఈడనే ఉన్న. ఎవ్వరు బయటికి రాలే."

నిరంజన్ నీళ్లలోంచి పార పైకి తీశాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, నా మీది నుంచి కళ్లు తిప్పకుండా అవతలి గట్టు వైపు జరగసాగాడు. అతని వెనుక పైపు మూతిలో నిలిచిన నీళ్లు మెల్లగా కదిలాయి. అతను అటు చూడలేదు. నన్నే చూస్తున్నాడు.