గట్టు మీద టైరు జాడ

“సైకిల్ దిగబ్బయా. ఇంకొక్క అడుగు కదిలిందంటే బాగుండదు.”

టార్చిలైటు నేరుగా కళ్ళలో పడింది. జడ్సన్ బ్రేకు నొక్కాడు. డిసెంబరు వానలకు నానిన గట్టు మీద అతని గేర్ల సైకిల్ అడ్డంగా జారి, రొయ్యల గుంటకు జానెడు దూరంలో ఆగింది. వెనక వస్తున్న సుభాని ఆగలేక వచ్చి గుద్దుకున్నాడు. ఇద్దరూ బురదలో కూలబడ్డారు.

తప్పంతా జడ్సన్‌దే. నెల్లూరులో సైకిళ్ళ షాపు అతనిది. శనివారం రాత్రి అయితే చాలు, నలుగురు స్నేహితులూ కలిసి కోడూరు బీచ్ దాకా తొక్కుతారు. ఈ రాత్రి తోటపల్లి గూడూరు దాటగానే జడ్సన్ గట్ల మీదుగా పోదామన్నాడు. జట్టులోని అబిగయీలు ఒప్పుకోలేదు. తారురోడ్డే మేలంది. సుభాని చెల్లెలు షాహనా ఆమె పక్కన చేరింది.

“భయమా?” అన్నాడు జడ్సన్.

“నీ సైకిల్ మీద జాలి.”

“నీకన్నా ముందు బీచ్‌లో ఉంటా. ఉంటే ఒక మాట చెప్తా, వినాల.”

“ఆ మాటేందో ఈడే చెప్పొచ్చుగా?”

చెప్పొచ్చు. నాలుగు నెలలుగా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోవడంతో అతను సైకిల్‌ను గట్ల వైపు తిప్పాడు.

“ఎర్రగుడ్డ కట్టిన గుంట కనిపిస్తే మాత్రం వెనక్కి తిరుగు” అని ఆమె వెనక నుంచి కేకేసింది.

కనిపించింది. తిరిగితే ఓడిపోతాడు. తిరగలేదు.

ఇప్పుడు టార్చి పట్టుకున్న పెద్దాయన దగ్గరకొచ్చి టైర్ల వైపు చూశారు.

“రోడ్డు మీద నుంచి వచ్చినారా, తూర్పు గట్టు మీద నుంచా? ఆ పక్క గుంటలో రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు పడింది. అందుకే ఎర్రగుడ్డ కట్టినాం. ఆ బురద నా గట్టుకంటితే నాలుగు రోజుల్లో నా రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. రొయ్యలు తీసే పట్టుబడికి ఇంకా ఇరవై రోజులుండాయి.”

సుభాని చెవిలో గొణిగాడు. “రోడ్డని చెప్పరా. చీకట్లో ఎవురు చూసినారు?”

జడ్సన్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు వైపు నుంచి రెండు సైకిల్ లైట్లు వచ్చి గట్టు మొదట్లో ఉన్న కాపలా షెడ్డు ముందు ఆగాయి.

“నాయనా, టార్చి చూసి వచ్చినా. ఎవురితో మాట్లాడతుండావు?”

అబిగయీలు గొంతు.

ఈ పెద్దాయన ఆమె తండ్రని జడ్సన్‌కు అప్పుడర్థమైంది. ఆమెది ఈ ఊరని తెలుసు. ఈ గుంట వాళ్ళదని తెలియదు. నిజం చెబితే ఈ అమ్మాయి ఇక తన మొహం చూడదు. అబద్ధం చెబితే చూస్తుంది. నవ్వుతుంది కూడా. నాలుగు రోజుల పాటు.

“తూర్పు గట్టు మీద నుంచే సార్” అన్నాడు. “ఎర్రగుడ్డ చూసినా. అబి ముందే చెప్పింది కూడా. అయినా వచ్చినా. వీడు నా వెనక వచ్చినాడంతే.”

గుంటలో గాలి కలిపే ఏరేటర్లు నీళ్ళను చిలుకుతూనే ఉన్నాయి. అబిగయీలు అతని టైర్లకంటిన బురద వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆమె తండ్రి పేరు సమాధానం. ఆయన షెడ్డులోంచి రెండు పారలు తెచ్చారు.

“ముందు కాళ్ళూ సైకిళ్ళూ బ్లీచింగ్ నీళ్ళతో కడగండి. మీ టైర్లు యాడదాకా తిరిగినాయో ఆడదాకా పైమట్టి చెక్కి గోతాల్లోకెత్తాల. నీళ్ళలో ఒక్క పెళ్ళ పడగూడదు.”

నూటయాభై అడుగుల టైరు జాడ. సముద్రపు గాలి ఎముకల్లోకి దిగుతోంది. గంటకే జడ్సన్ అరచేతులు బొబ్బలెక్కాయి.

“ఇంట్లో చీపురు పట్టమంటే నడుమునొప్పి అంటావే అన్నా” అని గోతం పట్టుకున్న షాహనా సుభానిని ఏడిపిస్తోంది.

అబిగయీలు బకెట్‌తో సున్నం తెచ్చి, జడ్సన్ చెక్కిన చోటల్లా చల్లుతూ వెనకే వచ్చింది. గుప్పెడు సున్నం విదిలించి అంది.

“రోడ్డని చెప్పుంటే మా నాయన టీ ఇచ్చి పంపేవాడు.”

“తెలుసు.”

“మరి?”

“ఆ టీ గొంతు దిగదు.”

ఆమె తల వంచుకుంది. నవ్విందో లేదో చీకట్లో తెలియలేదు.

“బీచ్‌లో ఏందో చెప్తానన్నావు.”

“ముందు చేరితే చెప్తానన్నా.”

“ఇప్పుడు చెప్పు. పార ఆపొద్దు.”

పార ఆపకుండానే చెప్పాడు. తయారు చేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

“శనివారం ఒక్కరోజు నిన్ను చూస్తే చాలడంలా. మిగతా ఆరు రోజులు కూడా కావాల. మనం పెళ్ళి చేసుకుందామా అని అడగతుండా.”

సున్నం చల్లే చెయ్యి ఆగలేదు. బకెట్‌లో మిగిలిందంతా చల్లేసింది.

“ఇరవై రోజులు ఆగు” అంది చివరకు. “రొయ్యలు బతికితే నువ్వే వచ్చి మా నాయనతో మాట్లాడు.”

“చస్తే?”

ఆమె బకెట్ అందుకుని లేచింది.

“చస్తే మా నాయనతో నేనే మాట్లాడతాలే. నీకప్పుడు నోరు పెగలదుగా.”